పదిమందిలో ఒక్కడు: వ్యావహారిక భాషావాదము చెప్పే మనస్తత్వ పాఠము

ఒక సభలో పదిమంది కూర్చున్నారనుకొందాము. ఏదో విషయము చర్చకు వచ్చినది. తొమ్మిదిమంది వరుసగా లేచి ఒకే మాట చెప్పినారు. పదవవానికి ఆ మాట సరికాదని తోచినది. కాని తన వంతు వచ్చేసరికి అతని నోట కూడ ఆ తొమ్మిదిమంది మాటే వెలువడినది. ఇంటికి పోతూ, "నేనెందుకట్లా అన్నాను?" అని తనను తానే అడుగుకొన్నాడు. ఈ అనుభవము మనలో చాలమందికి ఉన్నదే. నలుగురితో నారాయణ అనే సామెత ఊరకే పుట్టలేదు.

అయితే ఎప్పుడో ఒకప్పుడు ఆ పదవవాడు లేచి, తనకు తోచినదే చెప్పుతాడు. అప్పుడేమి జరుగుతుంది? అట్లా చెప్పగల శక్తి అతనికి ఎక్కడినుండి వచ్చినది? అతనికీ తక్కినవారికీ మధ్య పుట్టిన కలహము వల్ల సంఘానికి మేలా, కీడా? ఈ ప్రశ్నలను అమెరికా, ఫ్రాన్సు దేశాల మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరిశీలించినారు. కాని వీటికి సజీవమైన ఉదాహరణ కావలెనంటే మనము అంత దూరము పోనక్కరలేదు. నేటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గడ్డమీద ఇద్దరు మిత్రులు నడిపిన వ్యావహారిక భాషావాదమే ఇందుకు చాలును.

గీతల ప్రయోగము

ముందుగా ఒక ప్రయోగమును గురించి తెలుసుకొందాము. సాలమన్ ఆష్ అనే శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి సంవత్సరాలలో అమెరికాలోని కళాశాల విద్యార్థులతో దీనిని జరిపినాడు. ఏడెనిమిదిమంది విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి వారికి రెండు అట్టలు చూపేవాడు. మొదటి అట్టమీద ఒకే గీత. రెండవ అట్టమీద పొడవులో తేడా గల మూడు గీతలు. మొదటి అట్టమీది గీతకు సమానమైనది ఈ మూడింటిలో ఏది? ఇదే ప్రశ్న. పసిపిల్లవాడు కూడ చెప్పగల సంగతి. ఒంటరిగా కూర్చున్నవారు నూటికి ఒకసారైనా పొరపాటు పడలేదు.

కాని ఆ గదిలో నిజముగా పరీక్షకు వచ్చినవాడు ఒక్కడే. తక్కినవారందరు ముందుగా మాట్లాడుకొన్నవారు. వారు పద్దెనిమిదిసార్లలో పన్నెండుసార్లు కావలెననే, అందరు కలిసి, తప్పుడు గీతను చూపేవారు. పాపము ఆ ఒక్కని వంతు చివరన వచ్చేది. కన్ను ఒకటి చెప్పుతున్నది, పదిమంది మరొకటి చెప్పుతున్నారు. 1955లో ఆష్ ప్రకటించిన లెక్కల ప్రకారము 123 మందిని ఇట్లా పరీక్షించగా, వారి జవాబులలో నూటికి సుమారు 37 వంతులు పదిమందివైపే మొగ్గినవి.

మరొక సంగతి కూడ చూడవలెను. ఆ 123 మందిలో సుమారు నాలుగవవంతు మంది ఒక్కసారి కూడ లొంగలేదు. అంతకన్న విలువైన సంగతి ఇంకొకటి ఉన్నది. గదిలో మరొక్కడు నిజము పలికినట్లు ఏర్పాటు చేసినప్పుడు, పరీక్షకు వచ్చినవాని తప్పులు నాలుగవవంతుకు తగ్గిపోయినవి. ఆ తోడు మధ్యలో పదిమందివైపు తిరిగిపోతే, ఇతని ధైర్యము కూడ కూలిపోయినది. కాని అతడు మాట మార్చకుండ, ఏదో పని ఉన్నదని గది విడిచి వెళ్ళిపోతే, అతడిచ్చిన ధైర్యము చాలవరకు నిలిచియే ఉన్నది. పాఠకులు ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను.

ఇద్దరు సహాధ్యాయులు

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన, శ్రీకాకుళానికి ఉత్తరముగా వంశధార తీరాన, ముఖలింగ క్షేత్రము సమీపములోని పర్వతాలపేటలో పుట్టినారు. చిన్ననాటనే తండ్రి పోయినారు. విజయనగరములో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి ఉన్నత పాఠశాలలో చదువుకొన్నారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ వేంకట అప్పారావుగారు. అప్పారావుగారు 1862లో యస్. రాయవరములో పుట్టి, చీపురుపల్లిలో పెరిగి, చదువుకొరకు విజయనగరము చేరినవారు. ఇద్దరూ పెద్ద కలిమి లేనివారే.

1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. అప్పారావుగారు విజయనగరములోనే ఉపాధ్యాయులై, 1887లో మహారాజావారి కళాశాలలో అధ్యాపకులైనారు. ఇద్దరిలోనూ స్వతంత్రముగా ఆలోచించే గుణము ఒక్కనాడు పుట్టినది కాదు. అది వేరు వేరు దారులలో, నెమ్మదిగా పెరిగినది.

రామమూర్తిగారి దారి కొండలలోనుండి పోయినది. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు ఉంటారు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. లిపి లేదు, పుస్తకము లేదు. 'అనాగరికుల మాట' అని పట్టణమువారు చిన్నచూపు చూసేవారు. రామమూర్తిగారు రెండు భాషలూ తెలిసిన ఒక సవరను తన ఇంట పెట్టుకొని, చెవితో విని ఆ భాష నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకొని వాచకాలు వ్రాసినారు. కొండలలో తిరిగి మలేరియా జ్వరము తెచ్చుకొన్నారు. దానికి పుచ్చుకొన్న క్వినైను వల్ల వినికిడి శక్తి చాలవరకు పోయినది. చెవితో భాష నేర్చినవారికి ఆ చెవియే పోవుట ఎంత కష్టము! అయినను పని మానలేదు. ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము 1931లో అచ్చువేసినది. సవర నిఘంటువు 1938లో వెలువడినది.

ఈ పని ఆయనకు ఒక సత్యమును చూపినది. పుస్తకమెరుగని భాషకు కూడ నియమాలున్నవి. మాట ముందు, వ్రాత తరువాత. పండితులు దీనిని ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా, ఆయన తన చెవులతో విన్నారు. పైగా ముఖలింగ దేవాలయములోని శాసనాలను చదవడానికి పాత లిపులు స్వయముగా నేర్చుకొన్నారు. ఆధునిక భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివినారు. ఆష్ గదిలోని గీతలను కొలిచే కొలబద్ద వంటిది ఆయన చేతికి వచ్చినదన్నమాట.

అప్పారావుగారి దారి వేరు. ఆయన మొదట ఇంగ్లీషులో కవిత్వము వ్రాసి పేరు తెచ్చుకొన్నారు. 1883లో వ్రాసిన 'సారంగధర' కావ్యము కలకత్తా పత్రికలో కూడ అచ్చయినది. అక్కడి సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ఆయనకు మాతృభాషలో వ్రాయుమని సలహా ఇచ్చినాడు. వచ్చిన పేరును విడిచి కొత్తదారి తొక్కుట తేలిక కాదు. అప్పారావుగారు ఆ పని చేసినారు. 'కన్యాశుల్కము' నాటకమును 1892లో విజయనగరములో ప్రదర్శించినారు. అది 1897లో అచ్చయినది. అందులో పాత్రలన్నీ విజయనగరము వీధులలో జనము మాట్లాడే తెలుగే మాట్లాడినవి. చాల మార్పులతో 1909లో రెండవ కూర్పు వచ్చినది. తాను వ్రాసినదానినే తిరిగి పరీక్షించి మార్చుకొన్నారు. ఇతరులను కాదనే ధైర్యము కన్న తనను తాను కాదనుకొనే ధైర్యము తక్కువది కాదు.

వివాదము పుట్టుక

ఆ రోజులలో బడిపిల్లలు చదివేదీ, పరీక్షలలో వ్రాసేదీ గ్రాంథిక భాష. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన 'బాలవ్యాకరణము' దానికి ప్రమాణము. పిల్లవాడు ఇంట్లో "వస్తున్నాడు" అంటాడు. బడిలో "వచ్చుచున్నాడు" అని వ్రాయవలెను. మాట్లాడినట్లు వ్రాస్తే తప్పు. పిల్లవాని బుద్ధి విషయముమీద కాక రూపాలమీదనే అరిగిపోయేది.

1906 ప్రాంతములో జె. ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చినాడు. జనము మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు మరొకటి ఎందుకున్నదని అతడు ఉపాధ్యాయులను అడిగినాడు. సంతృప్తికరమైన సమాధానము దొరకలేదు. విశాఖపట్టణములో ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు గిడుగు, గురజాడల పేర్లు చెప్పినారు. ఈ నలుగురి కలయికతో ఉద్యమము మొదలైనది. 1907 నుండి రామమూర్తిగారు ఊరూరా తిరిగి ఉపాధ్యాయుల సభలలో తమ వాదము వినిపించినారు.

1912–13లో పాఠశాలాంత పరీక్షలో వ్యాసమును గ్రాంథికములోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తరువు వచ్చినది. వెంటనే అలజడి చెలరేగినది. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనిని ఎదిరించినది. ఆ పక్షానికి నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. వేదము వేంకటరాయ శాస్త్రిగారి వంటి మహాపండితులు వారితో ఉన్నారు. జిల్లా జిల్లాలో సభలు జరిగినవి. ప్రభుత్వానికి మహజర్లు వెళ్ళినవి.

ఎదుటి పక్షమువారు చెడ్డవారని పాఠకులు అనుకొనరాదు. వారి భయము నిజమైన భయమే. ఏ జిల్లావాడు ఆ జిల్లా మాటలో వ్రాస్తే తెలుగు ముక్కలైపోదా? నన్నయ, తిక్కనల కవిత్వము మనుమలకు అర్థముకాకుండ పోదా? అని వారు దిగులుపడినారు. భాషమీద ప్రేమ రెండు పక్షాలకూ సమానమే. జయంతివారి ఆధ్వర్యములో ఆరంభమైన 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' నేటికీ వ్యావహారికవాదులకు కూడ పనికివస్తున్నది. కలహమెప్పుడూ మంచికీ చెడ్డకూ మధ్యనే పుట్టదు. తరచుగా రెండు మంచి ఉద్దేశాల మధ్యనే అది పుట్టుతుంది.

అసమ్మతి పత్రము

తెలుగు వ్యాసరచనలో ఏ భాష ఉండవలెనో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయము ఒక సంఘమును వేసినది. అప్పారావుగారు అందులో సభ్యులు. సంఘములో ఎక్కువమంది గ్రాంథిక పక్షమువారు. వారి నిర్ణయమునకు తల ఊపి సంతకము చేసి ఊరుకొంటే అప్పారావుగారిని తప్పుపట్టేవారు లేరు. అప్పటికే ఆయన ఆరోగ్యము చెడినది. అయినను 1914లో తన అసమ్మతిని ఇంగ్లీషులో, పుస్తకమంత పొడవున, వ్రాసి ఇచ్చినారు. కోపముతో నాలుగు వాక్యాలు వ్రాసి లేచిపోలేదు. భాషలు ఎట్లా మారుతాయో, ఇతర దేశాలలో ఏమి జరిగినదో, మన పాత గ్రంథాలలో ఏ రూపాలున్నవో ఓపికతో చూపినారు.

గీతల ప్రయోగము ముగిసిన తరువాత ఆష్ ప్రతి విద్యార్థితోనూ మాట్లాడినాడు. లొంగనివారందరు ఒకే తీరువారు కారు. కొందరికి తమ కన్నుమీద గట్టి నమ్మకము. మరికొందరికి లోపల గుబులే. పదిమంది మాటే నిజమేమో అనే అనుమానము కూడ ఉన్నది. అయినను కనబడినది చెప్పుట తన విధి అని వారు చెప్పినారు. కాబట్టి స్వతంత్ర బుద్ధి అంటే భయము లేకపోవుట కాదు. భయమున్నా, చూచినదానిని చూచినట్లు చెప్పుట.

అసమ్మతి పత్రము వల్ల అప్పటికి ఫలితము కలుగలేదు. వ్యావహారికమునకిచ్చిన వీలు కొద్దికాలములోనే తొలగిపోయినది. పరీక్షలలో గ్రాంథికమే నిలిచినది. 1915 నవంబరు 30వ తేదీన అప్పారావుగారు కన్నుమూసినారు. ఓటమి తరువాత రామమూర్తిగారికి తోడు కూడ పోయినది.

ఇక్కడ ఆష్ ప్రయోగములోని చివరి సంగతిని తలచుకొందాము. తోడు ఉన్నవాడు పక్షము మారితే ధైర్యము కూలుతుంది. మాట మార్చకుండ వెళ్ళిపోతే ఆ ధైర్యము చాలవరకు నిలుస్తుంది. అప్పారావుగారు మాట మార్చకుండానే వెళ్ళిపోయినారు. ఆ తరువాత రామమూర్తిగారు పాతికేళ్ళు పోరాడినారు. చరిత్ర ప్రయోగశాల కాదు, నిజమే. ఒక మనిషి జీవితాన్ని ఒక ప్రయోగముతో తేల్చలేము. అయినను రెండింటికీ గల పోలిక ఆలోచింపదగినది.

రంగుల ప్రయోగము

ఓడినవారి మాట చివరకు ఎట్లా నెగ్గినది? 1969లో ఫ్రాన్సులో సెర్జ్ మాస్కోవిసీ అనే శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కలిసి, ఆష్ ప్రశ్నను తలక్రిందులు చేసినాడు. పదిమంది ఒక్కని ఎట్లా వంచుతారని గాక, కొద్దిమంది పదిమందిని ఎట్లా కదిలిస్తారని అడిగినాడు. ఆరుగురు కూర్చున్న గదిలో నీలపు వెలుగు చిత్రాలు చూపినారు. అందులో ఇద్దరు ముందుగా మాట్లాడుకొన్నవారు. వారు ప్రతిసారీ "ఆకుపచ్చ" అన్నారు. అప్పుడు తక్కినవారి జవాబులలో నూటికి 8 వంతులకు పైగా "ఆకుపచ్చ" అని వచ్చినవి. ఆ ఇద్దరు ఒకసారి "ఆకుపచ్చ", మరొకసారి "నీలము" అని తడబడితే ఆ సంఖ్య నూటికి ఒకటింబావుకు పడిపోయినది. పైగా, తరువాత విడిగా పరీక్షించగా, పైకి మాట మార్చనివారి చూపులో కూడ కొంత మార్పు కనబడినది.

దీనినుండి తెలిసేదేమి? పదిమంది వత్తిడి త్వరగా పనిచేస్తుంది, కాని తరచుగా పైపైన. నిలకడగల కొద్దిమంది మాట నెమ్మదిగా పనిచేస్తుంది, కాని లోపలికి దిగుతుంది. వినినవాడు వెంటనే ఒప్పుకొనడు. "వీడెందుకింత గట్టిగా అంటున్నాడు?" అని ఇంటికి పోయి ఆలోచిస్తాడు.

కందుకూరి వీరేశలింగముగారి సంగతి చూడండి. జీవితమంతా గ్రాంథికములో వ్రాసిన మహారచయిత. ఆయనే 1919లో రాజమహేంద్రవరములో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైనారు. రామమూర్తిగారు కార్యదర్శి. అదే సంవత్సరము మే నెలలో వీరేశలింగముగారు మరణించినారు. అవసానదశలో కూడ అభిప్రాయము మార్చుకొనగలిగిన మనస్సు ఎంత ఎదిగిన మనస్సు! 1919లోనే రామమూర్తిగారు 'తెలుగు' అనే మాసపత్రికను నడిపినారు. 1924లో, ఒకనాడు ఎదిరించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికముమీది నిషేధమును ఎత్తివేసినది. తరువాతి తరము పత్రికలు, కథలు, నవలలు వ్యావహారికములోనే నడిచినవి.

1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, రామమూర్తిగారు యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరినారు. 1940 జనవరి 22వ తేదీన మరణించినారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము.

కొలబద్ద ఏది?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. రంగుల ప్రయోగములో గట్టిగా నిలిచిన ఆ ఇద్దరు చెప్పినది అబద్ధము! నిలకడకు బలమున్నదిగాని, నిలకడ సత్యమునకు గుర్తు కాదు. మూర్ఖుడు కూడ నిలకడగానే ఉంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవానికీ రామమూర్తిగారికీ భేదమెక్కడ?

భేదము కొలబద్దలో ఉన్నది. రామమూర్తిగారు "నా మాట నమ్మండి" అనలేదు. శాసనాలు చూడండి, తాళపత్రాలు చూడండి, వ్యాఖ్యానాలు చూడండి అన్నారు. గ్రాంథికమే వ్రాస్తున్నామనుకొనే పండితుల పుస్తకాలలోనే వారి వ్యాకరణమునకు విరుద్ధమైన రూపాలను ఎత్తి చూపినారు. 'బాలకవి శరణ్యము', 'గద్యచింతామణి' వంటి ఆయన పుస్తకాలన్నీ ఉదాహరణల రాశులు. ఎదుటివాడు ఇష్టముంటే తానే కొలిచి చూచుకొనవచ్చును.

కలహము రెండు విధములు. విషయముమీది కలహము ఒకటి, మనిషిమీది కలహము మరొకటి. మొదటిది పెరుగు చిలికినట్లు; శ్రమ ఉన్నది, వెన్న కూడ ఉన్నది. రెండవది కుండ పగులగొట్టినట్లు. భాషావివాదములో రెండూ జరిగినవి. హేళనలు, ఎత్తిపొడుపులు రెండు పక్షాలలోనూ లేకపోలేదు. కాని ఇన్నేళ్ళ తరువాత ఎత్తిపొడుపులు ఎవరికీ గుర్తులేవు. రుజువులు మాత్రము మిగిలినవి.

తీరని బాకీ

కథ ఇంతటితో ముగియలేదు. రామమూర్తిగారు కోరినది శిష్టవ్యావహారికము, అనగా చదువుకొన్నవారి వాడుక. అది నిలిచిన తరువాత, ఏ గడ్డనుండి ఆ ఉద్యమము లేచినదో ఆ గడ్డ పలుకుబడికే బడిలో చోటు కరవైనది. శ్రీకాకుళము పిల్లవాడు పట్టణము బడిలో "ఏటి?" అన్నప్పుడు, "వచ్చీసినాను" అన్నప్పుడు తరగతి అంతా నవ్వుతుంది. మరునాటినుండి వాడు నోరు కట్టుకొంటాడు. కొద్దిరోజులకు ఇంటిమాట దాచి పదిమంది మాట నేర్చుకొంటాడు. ఆష్ గదిలోని ఆ ఒక్కడు వీడే. పదిమంది మాట నేర్చుకొనుట తప్పు కాదు, అది అవసరము. ఇంటిమాట తప్పని నమ్మవలసి రావడమే తప్పు.

ఆ తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు, "అదికూడ తెలుగే, మా అమ్మా అట్లాగే అంటుంది" అంటే చాలును. తోడు ఒక్కడున్నా ధైర్యము ఎంత పెరుగునో పైన చూచినాము. కాళీపట్నము రామారావుగారు, రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు వంటి కథకులు ఈ ప్రాంతపు పలుకును తమ కథలలో నిలిపి పిల్లలకు అట్టి తోడైనారు. 1997లో రామారావుగారు శ్రీకాకుళములో స్థాపించిన కథానిలయము నేటికీ తెలుగు కథలను సేకరించి కాపాడుతున్నది.

పదిమందిలో ఒక్కడు లేచి వేరు మాట చెప్పినప్పుడు మనము వెంటనే ఒప్పుకొనవలెనని కాదు. వెంటనే నవ్వకుండ ఉండవలెను. "నీ కొలబద్ద ఏది?" అని అడుగవలెను. అతడు చూపితే, మనమూ కొలిచి చూడవలెను. వంశధార తీరమునుండి వచ్చిన ఒక బడిపంతులు మనకిచ్చిన పాఠము ఇదే.